పేరు కొడితే వచ్చేది

డాక్టరు వెంకటరమణ గారు అప్లికేషన్ అందుకుని “రెండు నిమిషాలు బయట కూర్చోండి సిస్టర్” అన్నప్పుడు షెకీనా ఆయన ముఖం చూడలేదు. బల్ల మీదున్న కంప్యూటర్ చూసింది. దాని పక్కన అరచెయ్యంత నల్లపెట్టె, పెట్టె మీద ఆరుతూ వెలుగుతూ ఒక పచ్చదీపం. ఆ దీపం ఉంటే నెట్ ఉన్నట్టే. రెండేళ్లుగా ఆమె ఏ గదిలోకి వెళ్లినా ముందు మనుషుల్ని కాదు, ఆ దీపాన్ని వెతుక్కుంటోంది. దీపం లేనిచోట మాట తడబడకుండా వస్తుంది, ఎన్ని కాన్పులు చేయించిందో, పసివాళ్ల చేతికి సూది ఎంత నెమ్మదిగా ఎక్కించగలదో చెప్పుకోగలదు. దీపం ఉన్నచోట నాలుక ఎండిపోతుంది. బయటికొచ్చి గోడవార బల్ల మీద కూర్చుంది. వెనక తలుపు స్ప్రింగు పాడైనట్టుంది, సగంలో ఆగిపోయింది. ఆ సందులోంచి మీటల చప్పుడు వస్తోంది. రెండు వేళ్లతో కొడుతున్నాడు, ఒక్కో మీటా వెతుక్కుని. టక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టక్. మందుల చీటీ రాస్తున్నాడేమో అనుకుంది. అనకాపల్లిలో ఏ డాక్టరు మందుల చీటీ కంప్యూటర్లో రాస్తాడు? పేరు కొడుతున్నాడు. ఇంకేం కొడతాడు.

బల్ల చెక్క చల్లగా ఉంది. బయట జులై వాన పడీ పడనట్టు పడుతోంది, రింగ్ రోడ్డు మీద లారీలు నీళ్లు చిమ్ముకుంటూ బెల్లం మార్కెట్టు వైపు పోతున్నాయి. కశింకోటలో పొద్దున్నే బయల్దేరుతుంటే అమ్మ గుమ్మం దగ్గర ప్రార్థన చేసింది, ఎప్పుడూ చేసేదానికంటే చిన్న ప్రార్థన. ఇన్నిసార్లు అడిగి అమ్మకే సిగ్గేసినట్టుంది. నాన్న ఉంటే పెద్ద ప్రార్థన చేసేవాడు. దేవప్రసాద్ మాస్టారు, మిషన్ బడిలో నాలుగో తరగతికి పాఠాలు చెప్పేవాడు, ఏ పని చేసినా నిండుగా చెయ్యాలనేవాడు. పిల్లకి పేరు పెట్టడానికే నెలన్నర తీసుకున్నాడట. మేరీలు, మార్తలు వీధికి ముగ్గురున్నారని, బైబిలు వ్యాఖ్యానాలన్నీ తిరగేసి, దేవుని మహిమ నిలిచే చోటు అని అర్థం చెప్పి షెకీనా అని పెట్టాడు. బొంతు షెకీనా. ఈ తాలూకా మొత్తంలో మరొకతి ఉండదని మురిసిపోయాడు. ఉండదు నాన్నా, నిజమే, ఉండదు. ట్రైనింగులో పక్క మంచం పిల్ల పేరు లక్ష్మి. లక్ష్మి ఏ తప్పు చేసినా ఎవరు పట్టుకోగలరు, ఎన్ని లక్షల లక్ష్ముల్లో వెతుకుతారు. నన్నూ ఏ లక్ష్మి అనో పిలిచుంటే ఈపాటికి తప్పిపోయేదాన్ని కదా, జాతరలో పిల్ల తప్పిపోయినట్టు, హాయిగా.

టక్. టక్. ఇప్పుడు వరసగా కొడుతున్నాడు.

ఆరేళ్ల కిందట అప్పటి ఆసుపత్రిలో ఒకరోజు హెడ్ నర్సు రిజిస్టరు ముందుకు తోసి, నేను భోజనానికెళ్తున్నా, ఇక్కడ సంతకం పెట్టు అంది. బిడ్డ చనిపోయి పుట్టింది, తల్లి క్షేమం అని అందులో ఒక పంక్తి. షెకీనా ఆ కాన్పులో లేదు. పెద్దామె చెప్పింది కదా అని పెట్టింది. పది రోజులకి ఆ బిడ్డ బతికే ఉందనీ, ఎవరికో అమ్మేశారనీ తెలిసింది, పోలీసులొచ్చారు, రిజిస్టరులో ఆమె సంతకం ఆమెకంటే ముందే జీపెక్కింది. పందొమ్మిది రోజులు జైలు. మూడేళ్లు కోర్టు. చివరికి జడ్జిగారు ఆమెకు ఏ సంబంధమూ లేదని రాశారు, మూడు పేజీలు, ఆ మాట రెండో పేజీ అడుగున ఉంది, ఆమెకు కంఠతా వచ్చు. అరెస్టయిన రోజు ఇంగ్లీషు పేపరులో ఫొటో వేశారు, ఇద్దరు ఆడకానిస్టేబుళ్ల మధ్య కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని. వదిలేసిన రోజు ఎవరూ ఏమీ వెయ్యలేదు. పోనీలే అనుకుంది. నెహ్రూచౌక్ బజ్జీల బండి దగ్గర ఏనాటిదో ఒక పేపరు ముక్కలో నూనెతో తడిసిన ఎవరి బొమ్మో చూసి, నాదీ ఇలాగే ఎప్పుడో చిరిగి, తడిసి, కాలవలో పోయుంటుంది అనుకుంది. పేపరంటే అంతే అనుకుంది. అది గడ్డిలా ఎండిపోయేదని అనుకుంది.

“అక్కా, ఈ డాట్రు మంచోడేనా?”

పక్కన కూర్చున్న పిల్ల అడుగుతోంది. ఆకుపచ్చ చీర, నిండు కడుపు, కాళ్లకి నీరు దిగి చెప్పులు పట్టక విప్పేసి కూర్చుంది. ఊరు పూడిమడకట, పేరు చిట్టి. వెంట వచ్చిన పిన్ని కౌంటరు దగ్గర ఏదో మాట్లాడుతోంది.

“నాకూ తెలీదమ్మా. నేనూ ఇవాళే వచ్చేను. ఎన్నో నెల?”

“తొమ్మిదొచ్చేసింది. ఆడు గుజరాతు ఎరావల్లో బోటు పనికెళ్లేడక్కా, లోవరాజు. చవితికల్లా వచ్చేత్తాను, వచ్చి తాళి కట్టేత్తాను అన్నాడు. ఊళ్లో మాటలు పడలేక పిన్ని ఇక్కడికి తెచ్చేసింది. మగోడు పుడితే మా తాత పేరెడతాను, ఎర్రయ్య అని. బాగుంటాదా?”

బాగుంటుంది అంది షెకీనా. చిట్టి ఆమె చేతిని తీసుకుని తన కడుపు మీద పెట్టుకుంది, చూడు ఎలా తంతన్నాడో అని. లోపల చిన్న మడమ ఒకటి జరిగింది. ఆ క్షణంలో మీటల చప్పుడు ఆగిపోయింది. చదువుతున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకుంది, పట్టుబడినట్టు.

కేసు పోయాక యలమంచిలి క్లినిక్‌లో ఏడు నెలలు చేసింది. ఒక సోమవారం వెళ్తే రేపట్నుంచి రావద్దన్నారు. ఎందుకని అడిగితే పెద్దాయన ముఖం తిప్పుకున్నాడు. తర్వాత ఒక బడి, అక్కడ నలభై రోజులు. తర్వాత ఒక ముసలామెకి ఇంట్లో సేవ, అక్కడ వారం. ఎవరూ కారణం చెప్పరు, ఎవరూ తిట్టరు, ఒక్క మాట అడగరు. నిన్నటిదాకా అమ్మా అన్నవాళ్లు ఇవాళ మీరు అంటారు, చంటిపిల్లని చేతిలోంచి మెల్లగా తీసేసుకుంటారు. ఏమైందో రింగ్ రోడ్డులో నెట్ సెంటరు నడిపే శాంతికుమార్ చూపించాడు. వరసకి తమ్ముడు, తనతోపాటే చర్చిలో పాటలు పాడేవాడు. “నీ పేరు కొడదామేటక్కా” అన్నాడు నవ్వుతూ. షెకీనా అని కొడితే నలభై లక్షల పేజీలు వచ్చాయి. ప్రార్థన మందిరాలు, ఎక్కడో అడవిలో అద్దెకిచ్చే చెక్క ఇళ్లు, ఒక గుర్రం పేరు, ఒక నల్లమ్మాయి పెళ్లిఫొటోలు. ఎంత ఊరట కలిగిందో. ఇంతమందిమి ఉన్నాం, నేనెవరికి కనిపిస్తాను అనుకుని రెండో రోజూ మూడో రోజూ వెళ్లి పేజీ తర్వాత పేజీ తిప్పింది, సముద్రం ఒడ్డున నిలబడి అవతలి గట్టు ఎక్కడుందో చూస్తున్నట్టు. కళ్లు మండేదాకా చదివింది, గుర్రం ఎన్ని పందేలు గెలిచిందో కూడా చదివింది. నాలుగో రోజు శాంతికుమార్ పక్కనుంచి వంగి ఇంటిపేరూ ఊరి పేరూ కలిపి కొట్టాడు. ఏడు వచ్చాయి. ఏడూ తనే. ఒకే వార్తని ఏడుగురు ఎత్తి రాసుకున్నారు. అన్నిటికంటే పైన ఆ ఫొటో, కొంగు చాటున ఒక కన్ను.

శాంతికుమార్ నవ్వు పోయింది. గొంతు తగ్గించి అన్నాడు, “అక్కా, మళ్లీ మళ్లీ సూడకు. మనం ఎంత నొక్కితే అది అంత పైకొత్తాదంటారు.” నిజమో కాదో. అప్పట్నుంచి చూడటం మానేసింది. కానీ ఊళ్లో ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట నొక్కుతూనే ఉంటారనీ, నొక్కిన ప్రతిసారీ తను ఒక మెట్టు పైకి వెళ్తోందనీ, నిద్రలోనూ అన్నం కలుపుతున్నప్పుడూ అనిపిస్తుంది. నూకాలమ్మ కొత్త అమావాస్య జాతరకి ఊరంతా ఒక్కచోట చేరినప్పుడు అందరూ తనవైపే తిరిగినట్టు. వీళ్లలో ఎవరు చూశారు, ఎవరు చూడలేదు? చూసినవాళ్ల ముఖంలో ఏమీ ఉండదు, అదే కష్టం. అమ్మకి చెప్పుకుంటే అమ్మ చీపురు పక్కన పెట్టి, “ఏటే, ఆ డబ్బా ఎవుడిదో ఆడికాడికి ఎల్లి సెరిపెయ్యమని అడగలేవా? మనూరోడు కాడా?” అంది. మన ఊరివాడు కాదమ్మా. వాడికి ఊరు లేదు.

లాయరు రోనాల్డ్ గారు నాన్న శిష్యుడే. కోర్టు వరండాలో నిలబెట్టే చెప్పాడు. “నెట్టుకి రెండువేల సంవత్సరంలో చట్టం వచ్చిందమ్మా. బూతుబొమ్మలకి సెక్షనుంది, కంప్యూటర్లు పాడుచేత్తే సెక్షనుంది. ఉన్నది చూపిత్తే సెక్షను లేదు. వెతికి చూపించేవోడు రాసినోడు కాడు. రాసినోడు అబద్ధం రాయలేదు. నిన్ను అరెస్టు చేసేరా లేదా?”

“చేసేరు బాబాయ్.”

“అదే రాసేడు.”

“నన్ను వదిలేసేరు కదా.”

“అది రాయలేదు. రాయకపోతే తప్పని ఎక్కడా లేదు. పరువునష్టం వెయ్యాలంటే ఏడాది గడువు, నువ్వు వాయిదాలకి తిరుగుతుంటేనే దాటిపోయింది. పోయినేడు చట్టానికి సవరణ పాసయ్యింది, ఇంకా అమల్లోకి రాలేదు. వచ్చినా అది చూపించేవోణ్ని కాపాడ్డానికే ఉంది గాని నిన్ను కాదు.”

“మరి తప్పెవరిది బాబాయ్?”

ఆయన నల్లకోటు గుండీ పెట్టుకుంటూ ఆలోచించాడు. “ఎవరిదీ కాదమ్మా. అదే గొడవ.” అయినా మాస్టారి మీద గౌరవానికి ఒక నోటీసు రాశాడు. వెతికి చూపించేవాళ్ల ఆఫీసుకని హైదరాబాదు వెళ్లిన ఆ కవరు చిరునామాలో ఎవరూ లేరని తిరిగొచ్చింది. పేపరువాళ్లకి తీర్పు కాపీ పంపితే పాత సంచికలు ముట్టుకోం, అది చరిత్ర అన్నారు. చరిత్ర. బడిలో నాన్న చెప్పే చరిత్రలో రాజులుండేవారు. నేనూ, హెడ్ నర్సూ, రిజిస్టరులో ఒక పంక్తీ ఎప్పుడు చరిత్ర అయ్యాం?

“సిస్టర్, లోపలికి రండి.”

లేచింది. ఇప్పుడు ఖాళీ లేవు అంటాడు, లేకపోతే కబురు చేస్తాం అంటాడు, కబురు చేస్తాం అంటే బస్సు దొరికేలోపే ఇంటికెళ్లిపోవచ్చు. డాక్టరుగారు కుర్చీ చూపించాడు. కళ్లద్దాల్లో తెర వెలుతురు నాలుగు పలకలుగా మెరుస్తోంది. ముఖంలో దయ ఉంది. అది చూసి భయం ఇంకా పెరిగింది.

“మీ సంగతి నాకు తెలుసు” అన్నాడు.

“సార్, కోర్టు నన్ను...”

“కంగారు పడకండి. పోయిన నెలే చూశాను. మీ పేరు కొట్టలేదు కూడా. అనకాపల్లి, నర్సు, పసిపిల్లలు, ఆ మూడు మాటలే కొట్టాను. మొట్టమొదట మీరే వచ్చారు. అందుకే మనిషిని పెట్టి మీ ఇల్లు కనుక్కుని కబురంపాను.” మర్యాదగా నవ్వాడు. “పందొమ్మిది రోజులు లోపలుండి ఒక్క పేరు బయటపెట్టలేదట. మూడేళ్లు కోర్టుకి తిరిగీ నోరు విప్పలేదట. అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతారండీ ఈ రోజుల్లో?”

ఆమెకు మొదట అర్థం కాలేదు. మాటలు ఒక్కొక్కటే విడివిడిగా తెలుస్తున్నాయి, కలిస్తే తెలియడం లేదు. నోరు విప్పలేదు అంటున్నాడు. నాకు ఏ పేరూ తెలియదు కదా, తెలిస్తే కదా విప్పడానికి. “నేను ఏ తప్పూ చెయ్యలేదు సార్” అంది. ఆయన తలూపాడు, ఆ జవాబే బాగుందన్నట్టు, రేపు పోలీసులకీ అలాగే చెప్పాలన్నట్టు. ఆమె ఎంత కాదంటే ఆయనకి అంత నమ్మకం కుదురుతోంది.

“బయట ఆకుపచ్చ చీర పిల్ల ఉంది, చూశారుగా. రెండు మూడు రోజుల్లో కాన్పు అయిపోతుంది. వాళ్ల పిన్ని ఒప్పుకుంది. పిల్లకి మాత్రం బిడ్డ దక్కలేదని చెప్పాలి. ఆ మాట మగవాడు చెప్తే ఏడ్చి గొడవ చేస్తారు, మీలాంటి పెద్దమనిషి పక్కన కూర్చుని చెప్తే నమ్ముతారు. తీసుకునేవాళ్లు మంచివాళ్లు. ఇందాకట్నుంచి వాళ్లకే మెయిల్ రాస్తున్నా, సిస్టర్ దొరికారని.”

వాళ్లకే. అంటే బల్ల మీద కూర్చుని తను చచ్చిపోతున్న ఆ సమయమంతా ఈయన తన తప్పు వెతకలేదు. తనను రాసి పంపుతున్నాడు. ఇంకెంతమంది ఆ మూడు మాటలు కొట్టారో. విజయవాడలో, ఒరిస్సాలో, ఎక్కడెక్కడో, కారణం చెప్పకుండా మానిపించినవాళ్లు కాక, పనిగట్టుకుని తన లాంటిదాని కోసం వెతికేవాళ్లు. ఇన్నాళ్లూ తలుపులు మూసేదనుకుంది ఆ పెట్టె. అది తలుపులు తీస్తోంది కూడా. తను వెళ్లాల్సిన తలుపు ఏదో అదే నిర్ణయించి, తీసి పట్టుకుని, వచ్చేదాకా ఓపిగ్గా నిలబడింది.

ఎప్పుడు లేచిందో తెలియదు. బయటికొచ్చి చిట్టి చెయ్యి పట్టుకుంది. “లే అమ్మా. పద. పెద్దాసుపత్రికి పోదాం.”

“ఏటక్కా, ఏటయింది?”

“ఇక్కడొద్దు. నీ బిడ్డని నీకివ్వరు. పద, తర్వాత సెప్తాను.” తన నోట్లోంచి ఇంటి భాష వచ్చేసింది. చిట్టి లేచింది కూడా, రెండో చేత్తో కడుపు పట్టుకుని, చెప్పులు లేకుండానే నాలుగడుగులు వేసింది. పిన్ని అడ్డం వచ్చింది. “ఎవత్తివే నువ్వు? మా పిల్లని లాక్కుపోతన్నావు?” కౌంటరు పిల్ల లేచి నిలబడింది. డాక్టరుగారు గుమ్మంలోకి వచ్చాడు, గొంతు పెంచలేదు, బాధపడుతున్నట్టు మాట్లాడాడు. “చూడమ్మా చిట్టీ, ఈవిడకి ఉద్యోగం లేదన్నానని ఇలా చేస్తోంది. ఈవిడెవరో తెలుసా? ఇలా వచ్చి చూడు.” లోపలికెళ్లి ఆ పాత వార్త తెరిచి, బల్ల మీద తెరను గుమ్మం వైపు తిప్పాడు.

చిట్టికి ఇంగ్లీషు రాదు. చదవాల్సింది ఏమీ లేదు. ఇద్దరు పోలీసుల మధ్య కొంగు చాటున ఒక కన్ను. “పసిపిల్లల్ని అమ్మిన కేసు” అన్నాడు డాక్టరు వెనకనుంచి.

చిట్టి తెర వైపు చూసింది, షెకీనా వైపు చూసింది. “ఇది నువ్వేనా అక్కా?”

రెండేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎవరైనా అడగాలని ఎన్ని రాత్రులు కోరుకుందో, అడిగితే ఏం చెప్పాలో ఎన్నిసార్లు వరసగా పేర్చుకుందో, రిజిస్టరు, హెడ్ నర్సు భోజనం, మూడు పేజీల తీర్పు, రెండో పేజీ అడుగు. ఇప్పుడు ఒక్క ఊపిరంత చోటుంది.

“నేనే” అంది. “కానీ నేను చెయ్యలేదమ్మా.”

చేతిలోంచి చెయ్యి జారిపోయింది. విదిలించలేదు, మెల్లగానే తీసుకుంది, యలమంచిలిలో చంటిపిల్లని తీసుకున్నట్టే. చిట్టి రెండు చేతులూ కడుపు మీద వేసుకుని పిన్ని వెనక్కి వెళ్లింది. “దీన్ని పంపేయండి బాబూ, భయమేత్తంది” అంది డాక్టరుతో. ఆయన చిట్టి భుజం తట్టి లోపలి వార్డు చూపించాడు. చిట్టి వెళ్లింది. ఆయన షెకీనాని వీధి మెట్లదాకా సాగనంపి, వానలోకి చూస్తూ మెల్లగా అన్నాడు, “ఎక్కడికెళ్లి ఎవరికి చెప్పినా ముందు మీ పేరే కొడతారు సిస్టర్. ఆలోచించుకోండి. ఉద్యోగం ఉంచుతాను.”

రోడ్డు మీద కశింకోట, కశింకోట అని ఆటోలు అరుస్తున్నాయి. ఒక ఆటోలో ఒక్కరికే చోటుంది. ఎక్కితే అరగంటలో ఇల్లు, అమ్మ ఏమైందని అడగదు, చారన్నం పెడుతుంది. ఎవరికీ తెలియదు. తను ఏమీ చెయ్యలేదు, అప్పుడూ చెయ్యలేదు, ఇప్పుడూ చెయ్యలేదు అవుతుంది. ఆటో మీద చెయ్యి వేసి నిలబడింది. అరచేతిలో ఇందాకటి మడమ కదిలినట్టయింది. డ్రైవరు “ఎక్కుతావా లేదా” అని కసిరాడు. చెయ్యి తీసేసింది. ఆటో వెళ్లిపోయింది.

పోలీసు స్టేషను ఆమెకు కొత్త కాదు. గోడకి సున్నం కొత్తది, లోపల వాసన పాతదే. బల్ల వెనక హెడ్ కానిస్టేబులు పైడిరాజు, చొక్కా మీద పేరు రాసుంది, వేడి టీ ఊదుకుంటున్నాడు. ఆమె నిలబడే చెప్పింది, నర్సింగ్ హోం, డాక్టరు, చిట్టి, పిన్ని, మెయిలు, ఒకదాని వెంట ఒకటి, తొందరపడకుండా, కేసు షీటు అప్పజెప్పినట్టు. తన పాత కేసు కూడా తనే చెప్పింది, వాళ్లు చూసేలోపు. ఆ ముక్క దగ్గర అతను టీ గ్లాసు కింద పెట్టి ఆమెని మొదటిసారి చూశాడు.

“తీర్పు కాపీ ఉందా?”

“ఇంట్లో ఉందండి. తెచ్చిత్తాను. ముందు ఆ పిల్లని బయటకి తియ్యండి బాబూ.”

“తీత్తాంలే. ఎస్సైగారు రావాలి, ముందు వివరాలు సూడాల.” కుర్చీ గిర్రున తిప్పాడు. వెనక మూలలో గుడ్డ కప్పిన కంప్యూటరు. గుడ్డ తీశాడు. చిన్న నల్లపెట్టె మీద పచ్చదీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. మీటల మీద రెండు వేళ్లు పెట్టి, తల తిప్పకుండా అడిగాడు, “పేరు?”

“బొంతు షెకీనా.”

“ఏటీ?”

మళ్లీ చెప్పింది. అతను కొట్టాడు, తెర వైపు చూశాడు, పెదవి విరిచాడు. ఏదో తప్పు కొట్టాడు, ఏమీ రాలేదు. ఏమీ రానివ్వచ్చు. ఇలాగే వదిలేస్తే ఇతను దొరకలేదని గుడ్డ కప్పేస్తాడు, ఆమె మాట కూడా ఆ గుడ్డ కిందే ఉండిపోతుంది. నర్సింగ్ హోంలో చిట్టికి ఈపాటికి మంచం ఇచ్చి ఉంటారు.

“ఇంగ్లీషులో ఎలా రాత్తారమ్మా ఈ పేరు?”

షెకీనా బల్ల చుట్టూ తిరిగి అతని పక్కకి వచ్చి నిలబడింది. తడిసిన కొంగు పిండుకుని, ఒక్కో అక్షరమూ అతని వేలు మీట దగ్గరికి చేరేదాకా ఆగి, చెప్పడం మొదలుపెట్టింది.